రాగికి వయసొచ్చిన రోజు

ఒకప్పుడు రాగికి వయసు కనబడేది కాదు. నిన్న పోసిన నాణెమైనా, ముత్తాతల నాటి నాణెమైనా ఒకేలా ఎర్రగా తళతళలాడేది. రాగికి అదంటే మహా గర్వం.

"ఇనుమును చూడండి, నాలుగు వానలకే తుప్పు పట్టింది. నన్ను చూడండి!" అని మురిసిపోయేది.

ఆ రోజుల్లో పెన్న ఒడ్డున ఓబులమ్మ అనే ఆవిడ పడవ నడిపేది. నూరేళ్ల కిందట పెద్ద వరదొచ్చినప్పుడు ఆమె ముత్తవ్వ మునిగిపోతున్న రాణిగారిని ఒడ్డుకు చేర్చిందట. రాణి సంతోషించి, పడవ బొమ్మ ఉన్న ఒక రాగి నాణెం పోయించి ఇచ్చింది.

"ఇది ఎవరింట ఉంటే రేవు వాళ్లది. పేదవాళ్లను మాత్రం ఊరికే దాటించాలి" అంది.

ఓబులమ్మ ఆ మాట తప్పలేదు. కట్టెలమ్మే ముసలమ్మలనూ, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులనూ నవ్వుతూ దాటించేది.

ఆ రేవు మీద చెంగల్రాయుడనే ఊరి ఆసామి కన్నేశాడు. పడవ దాటుతూ, చూసిస్తానని ఆ నాణేన్ని చేతికి తీసుకుని, ఎవరూ చూడకుండా మైనంలో అచ్చు ఒత్తుకున్నాడు. అలాంటిదే ఇంకొకటి పోయించాడు. నేరుగా తగవులు తీర్చే కచేరీకి వెళ్లాడు.

"అసలు నాణెం నా దగ్గరుంది. ఓబులమ్మది దొంగ నాణెం!" అన్నాడు.

కచేరీలో నాణేలు పరీక్షించే పెద్దావిడ పేరు నాగసానమ్మ. ఆమె రెండింటినీ తూచింది. రాతి మీద వేసి మోగించింది. ఎండలో తిప్పి తిప్పి చూసింది. బరువు ఒకటే, మోత ఒకటే, మెరుపూ ఒకటే.

"నాకు తేడా తెలియడం లేదు" అంది నిట్టూర్చి. "వారం రోజులు గడువిస్తున్నా. అప్పటికీ తేలకపోతే రేవు మూసేయాల్సిందే."

ఓబులమ్మ నాణేన్ని గుప్పిట్లో పట్టుకుని పడవలో కూలబడింది.

"నూరేళ్లు మా ఇంట్లో ఉన్నావే! ఒక్క మాట చెప్పవా?" అని ఏడ్చింది.

"ఏమని చెప్పనమ్మా?" అంది నాణెం చిన్నబోయి. "నా ఒంటి మీద ఒక్క ఏడాది గుర్తు కూడా లేదే!"

అటుగా పోతున్న గాలి ఆ మాట విని ఆగింది.

"ఎలా ఉంటుంది? రోజూ వచ్చి నీ మీద వాలబోతే, మెరుపు పోతుందని నువ్వే తోసేశావు. ఆ రోజులన్నీ నా దగ్గరే ఉన్నాయి."

"అయితే వాటిని ఇప్పుడు నా మీద పెట్టెయ్!"

"పెడతాను. కానీ ఈ మెరుపు ఇక నిలవదు. ఆలోచించుకో."

నాణెం నీళ్లలో తన నీడ చూసుకుంది. ఎంత ఎర్రగా ఉంది! తర్వాత ఓబులమ్మ అరచేయి చూసింది. పడవ నడిపే గెడకర్ర వేసీ వేసీ కాయలు కాసిన చేయి.

"పెట్టెయ్" అంది గట్టిగా.

గాలి నూరేళ్ల రోజులనూ ఒక్కసారిగా దాని మీద పరిచింది. నాణెం ముందు తేనె రంగుకు తిరిగింది. తర్వాత చింతగింజ రంగు వచ్చింది. నూరేళ్లు నిమిరిన వేళ్లకు పడవ బొమ్మ అంచు నున్నగా అరిగింది. బొమ్మ గీతల సందుల్లో చెమ్మ చేరి, చిలకరెక్కలాంటి పచ్చదనం పూసింది.

ఓబులమ్మ అదిరిపడింది. "అయ్యో, నా నాణెం పాడైపోయింది!" అంటూ చింతపండు కోసం సంచి వెతికింది.

"తోమకమ్మా! తోమితే నా నూరేళ్లూ కొట్టుకుపోతాయి!" అని నాణెం కేకేసింది.

గడువు రోజున కచేరీ నిండా జనం. ఓబులమ్మ నాణెం చూసి చెంగల్రాయుడు పకపకా నవ్వాడు. "మసి బొగ్గులా ఉంది! నాది చూడండి, ఎలా మెరుస్తోందో!"

నాగసానమ్మ నవ్వలేదు. గుమ్మంలోకి వెళ్లి, వెలుతురులో ఓబులమ్మ నాణేన్ని ఏటవాలుగా పట్టుకుని చాలాసేపు చూసింది. ఆమె కళ్లు వెలిగాయి. పాత నాణెం అలాగే ఉండాలని చెంగల్రాయుడికి అప్పుడు అర్థమైంది.

"అమ్మగారూ, పొరపాటున వేరే నాణెం తెచ్చాను" అని తన నాణెం తీసుకుని ఇంటికి పరుగెత్తాడు. అదే నాణేనికి దీపం మసి పూసి, ఆకు పసరు రాసి, రొప్పుతూ తిరిగొచ్చాడు.

నాగసానమ్మ తడిగుడ్డ తీసి రెండింటినీ తుడిచింది. చెంగల్రాయుడి నాణెం మీది మసి గుడ్డకంటుకుంది. కింద కొత్త ఎరుపు బయటపడింది. ఓబులమ్మ నాణెం రంగు ఇసుమంతైనా కదల్లేదు.

"చూడండి!" అని నాగసానమ్మ నాణేన్ని పైకెత్తింది. "పడవ అంచు ఎంత నున్నగా అరిగిందో! ఎన్ని తరాల వేళ్లు నిమిరితే ఇలా అరుగుతుంది? అరిగిన చోటా, అరగని చోటా రంగు ఒకే పొరలా పాకింది. ఇది పూసిన రంగు కాదు, ఏళ్లు గడిచి దానంతట అదే పుట్టిన రంగు. రేవు ఓబులమ్మదే!"

కచేరీ ఈలలతో, చప్పట్లతో దద్దరిల్లింది. చెంగల్రాయుడు ఎటు జారుకున్నాడో ఎవరూ చూడలేదు. డప్పులు మోగుతుండగా ఓబులమ్మను భుజాల మీద రేవుదాకా మోసుకెళ్లారు. ఆ పూట పెన్న మీద ఉన్న పడవలన్నీ పూలు కట్టుకుని తిరిగాయి.

గాలి ఈ కబురు ఊరూరా మోసింది. విన్న రాగి నాణేలూ, బిందెలూ, చెంబులూ అన్నీ ఒక్క గొంతుతో, "మా రోజులు కూడా మాకిచ్చెయ్!" అని అడిగాయి.

అప్పటినుంచే రాగి కొత్తలో ఎర్రగా మెరిసి, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది, సందుల్లో పచ్చబడుతుంది.