ఎవరి ఉప్పు?

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెట్టాలి గానీ, ఆ రాజ్యం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో దాన్నేలే సర్వజిత్తు మహారాజుకే సరిగ్గా తెలియదు. కంటికి కనిపించిన దేశమల్లా తన గొడుగు నీడలో ఉందనేవాడు. అడక్కపోయినా గొడుగు పట్టేవాడు. పట్టినందుకు పన్ను పుచ్చుకునేవాడు.

ఆ నీడలోదే చినరేవు అనే బుల్లి దేశం. సముద్రపు ఒడ్డు కదా, అక్కడ గింజ పండదు, ఉప్పు పండుతుంది. ఆ ఉప్పు పొరుగునున్న గట్టుసీమకిచ్చి, బదులు వడ్లు తెచ్చుకుని జనం బతికేవారు.

ఒకనాడు మహారాజుకు గట్టుసీమ మీద కోపం వచ్చింది. ఎందుకొచ్చిందో మంత్రికీ తెలియదు. ఆ సీమకు ఎవరూ ఏమీ అమ్మకూడదని చాటింపు వేయించాడు. పాపం చినరేవులో ఎసరు కాగుతోంది గానీ, అందులో పోయడానికి బియ్యం లేవు. వాళ్ళు మాటకారి పోలయ్యను దూతగా పంపారు.

పోలయ్య సభలో దణ్ణం పెట్టి, "ప్రభూ, మా ఉప్పు మమ్మల్ని అమ్ముకోనివ్వండి. పిల్లలు పస్తులున్నారు" అన్నాడు.

మహారాజు మీసం దువ్వాడు. "మా ఉప్పు తిని మా శత్రువుతో బేరమా? ఉప్పు తిన్న విశ్వాసం ఉండక్కర్లేదూ?"

పోలయ్య బుర్ర గోక్కున్నాడు. "నాకంతా అయోమయంగా ఉంది ప్రభూ. ఎవరి ఉప్పు?"

"మాదే."

"మరి తమకు సముద్రం ఎక్కడుంది?"

మహారాజు మంత్రి వైపు చూశాడు. మంత్రి వంటశాల అధికారి వైపు చూశాడు. "కోటలోకి వచ్చే ఉప్పంతా చినరేవుదేనండి, పన్ను కింద వస్తుంది" అని ఆయన నసిగాడు.

"అయితే తమరు ఆరగిస్తున్నది మా ఉప్పు" అన్నాడు పోలయ్య. "మరి ఎవరి విశ్వాసం ఎవరికుండాలి?"

సభంతా తికమక పడింది. అప్పుడు ఆస్థాన పండితుడు శంఖుశాస్త్రి లేచాడు. "మీ మళ్ళలో పండినా, మా ప్రభువుల గొడుగు నీడలో పండింది. కనుక ఆ ఉప్పు ప్రభువులదే." అందరూ హమ్మయ్య అనుకున్నారు.

"శాస్త్రులుగారూ, నీడలో ఉప్పు పండదండి, ఎండ కావాలి" అన్నాడు పోలయ్య వినయంగా. "ఉప్పుందంటే గొడుగు లేనట్టు. గొడుగుందంటే ఉప్పు లేనట్టు. ఏదో ఒకటి సెలవియ్యండి."

శాస్త్రి ఉత్తరీయం సర్దుకుని కూర్చున్నాడు. మహారాజు ముఖం కందగడ్డయింది. "ఇది తేలేదాకా నేను ఎవరి ఉప్పూ తినను" అని లేచిపోయాడు.

మధ్యాహ్నం ఆయన విస్తట్లో చప్పిడి పప్పు, చప్పిడి పులుసు వడ్డించారు. మొదటి ముద్ద ఎలాగో దిగింది. రెండోది నోట్లోనే ఉండిపోయింది. నేలను గడగడలాడించే తనకు చిటికెడు ఉప్పు లేకపోతే ముద్ద దిగడం లేదు. దాంతో ఆయనకు నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాడు.

పోలయ్యను పిలిపించి, అతని ఎదుటే పప్పులో ఉప్పు కలుపుకున్నాడు. "చూశావుగా, మీ ఉప్పు తిన్నవాణ్ణి. పోయి గట్టుసీమకు అమ్ముకోండి. ఇంతకీ వాళ్ళ మీద కోపమెందుకో నాకూ గుర్తులేదు" అన్నాడు. బహుమానంగా తన పట్టు గొడుగు తెప్పించి ఇచ్చాడు.

పోలయ్య దాన్ని కళ్ళకద్దుకుని చంకలో పెట్టుకున్నాడు.

"అదేమిటయ్యా, విప్పవేం?" అన్నాడు మహారాజు.

"మడిచే ఉంచుతాను ప్రభూ. మా మళ్ళు ఎండాలి."