రౌటర్ ఇవ్వనన్న కస్తూరి

అనగనగా రెండు కొండల నడుమ దట్టమైన అడవి ఒకటి. పిల్లలూ, ఆ అడవిలో ఒక ఇప్పచెట్టు తొర్రలో కస్తూరి అనే పునుగుపిల్లి ఉండేది. కస్తూరి పాటల టీచరు. వానాకాలంలో వాగులు పొంగితే పిల్లలు దాటి రాలేరు కదా! అందుకని ఇంటర్నెట్‌లోనే పాఠం చెప్పేది. ఎవరి బొరియలో వాళ్ళు తెర ముందు కూర్చుని గొంతు విప్పేవారు.

కస్తూరి ఇంట్లో తను కొనుక్కున్న రౌటర్ ఉండేది. రౌటర్ అంటే తెలుసుగా? బయటి నుంచి వచ్చే ఇంటర్నెట్‌ను ఇల్లంతా పంచే డబ్బా. దాని సిగ్నల్ తొర్ర పైఅంతస్తు దాకా, కస్తూరి అవ్వ పడుకునే మూల దాకా చక్కగా అందేది. చిక్కంతా బయటి లైన్‌తోనే. ఆ తీగను కొమ్మల మీదుగా లాగారు. గాలి వీస్తే తెగేది. కోతులు ఊగితే తెగేది. ఏటా ఇంటర్నెట్‌లో జరిగే కొండల పాటల పోటీలో, సరిగ్గా కస్తూరి పిల్లలు పాడుతుండగానే తెగేది. పాపం, మంచి గొంతులున్నా ఒక్కసారైనా గెలవలేదు.

ఆ ఏడు నేలదారి అనే కొత్త కంపెనీ వచ్చింది. వాళ్ళు తీగను నేలలోంచి లాగుతారు. గాలీ తాకదు, కోతీ అందుకోదు. కస్తూరి వెంటనే కొత్త లైన్ అడిగింది. పక్క బొరియలో ఉండే ఏదుపంది ముళ్ళయ్య కూడా అడిగాడు. కస్తూరి దగ్గరే పాట నేర్చుకునే ముళ్ళయ్య కూతురు చుక్క ఆ ఏటి పోటీలో చివరి పాట పాడాలి మరి.

పోటీ రోజు పొద్దున్నే కంపెనీ మనిషి చంచలరావు వచ్చాడు. ఆయన ముంగిస. నవ్వు ముఖం, తొందర కాళ్ళు. ముందు ముళ్ళయ్య ఇంటికి వెళ్ళాడు.

"ఈ పాత రౌటర్ ఇక దేనికండీ? మా డబ్బా పెట్టుకోండి. ఇది నేను తీసుకుపోతాను" అన్నాడు.

"కొత్తది ఊరికే వస్తోందంటే పాతది ఎందుకు?" అని ముళ్ళయ్య మురిసిపోయి ఇచ్చేశాడు.

తరువాత చంచలరావు కస్తూరి తొర్రకు వచ్చాడు. గోడ దగ్గర లైన్ దించి, దానికి చిన్న పెట్టె బిగించాడు. సంచిలోంచి కంపెనీ రౌటర్ తీశాడు.

"మీ పాతది ఇటివ్వండమ్మా."

"ఎందుకండీ? అది నేను కొనుక్కున్నది. బాగానే పనిచేస్తోంది" అంది కస్తూరి.

"మా లైన్ మీ రౌటర్‌కు పట్టదమ్మా!"

"లైన్ దిగేది మీరు గోడకు పెట్టిన ఆ చిన్న పెట్టెలోకి. అది మీది, ఉండనివ్వండి. అందులోంచి నా రౌటర్‌కు ఒక్క తీగ కలిపితే చాలు కదా? లైన్ అడిగిన రోజే మీ ఆఫీసుకు ఫోన్ చేశాను. కుదురుతుందన్నారు."

"పట్టినా వేగం రాదు!"

"నా రౌటర్ ఎంత వేగం మోస్తుందో చూసే మీ లైన్ తీసుకున్నాను. మీరిచ్చేదాని కంటే అది ఎక్కువే మోస్తుంది."

చంచలరావు మీసాలు దువ్వుకున్నాడు. "రేపు నెట్ ఆగిపోతే మమ్మల్ని పిలవకూడదు మరి!"

"లైన్ ఆగితే మిమ్మల్నే పిలుస్తాను. రౌటర్ ఆగితే నేనే చూసుకుంటాను. ముందు లైన్‌కు కావలసిన పేరూ, పాస్‌వర్డూ చెప్పండి" అంది కస్తూరి మెల్లగా.

గొణుక్కుంటూనే చెప్పాడు. కస్తూరి వాటిని రౌటర్‌లో ఎక్కించి, తీగ కలిపింది. ఎర్ర లైటు వెలిగింది. నెట్ రాలేదు.

"నేను చెప్పలేదూ!" అన్నాడు చంచలరావు.

సాయంత్రం పోటీ. రౌటర్ ఇచ్చేయడమే మేలేమో? ఒక్క క్షణం కస్తూరి చెయ్యి దాని మీదే ఆగింది. అప్పుడు వెనక్కి తిప్పి చూసింది. బయటి లైన్‌కు విడిగా నీలం రంగు రంధ్రం ఉంది. తను తొందరలో దాని పక్క రంధ్రంలో తీగ పెట్టింది! తీసి నీలం దాంట్లో గుచ్చింది. లైటు మినుకుమినుకుమంది. ఆకుపచ్చగా నిలిచింది.

ఇంకేముంది! పైఅంతస్తులో పాఠాల తెర తనంతట తనే వెలిగింది. గుమ్మం మీది కెమెరా కన్ను తెరిచింది. మూలన అవ్వ రేడియో పాడసాగింది. దేనికీ మళ్ళీ పాస్‌వర్డ్ చెప్పే పనే లేదు. అన్నీ తమ పాత రౌటర్‌ను గుర్తుపట్టేశాయి.

"నా రేడియో ఏమీ అడక్కుండానే వచ్చిందే!" అని అవ్వ నవ్వింది. చంచలరావు సంచి సర్దుకున్నాడు.

సాయంత్రం జోరున వాన. కుందేలు పిల్ల, జింక పిల్ల వాగులు పొంగకముందే కస్తూరి తొర్రలో పాడటానికి వచ్చేశాయి. "మా చుక్క మాత్రం మా బొరియ నుంచే పాడుతుంది" అన్నాడు ముళ్ళయ్య గొప్పగా.

కుందేలు పిల్ల పాడింది. లైన్ తెగలేదు. జింక పిల్ల పాడింది. గాలి హోరుమన్నా తెగలేదు. ఇక చుక్క వంతు. తెర మీద చుక్క లేదు!

అక్కడ ముళ్ళయ్య తల పట్టుకున్నాడు. కొత్త డబ్బా సిగ్నల్ ముందుగది దాటడం లేదు. చుక్క తెర ఇంకా పాత రౌటర్ పేరే వెతుకుతోంది. పేరు మారుద్దామంటే, ఆ డబ్బాలో కంపెనీ తప్ప ఎవరూ వేలు పెట్టకూడదట. కంపెనీకి ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళు లేరు.

"నాన్నా, కస్తూరి టీచర్ దగ్గరికి పోదాం!" అంది చుక్క. ఇద్దరూ వానలో పరుగెత్తారు. చుక్క తడిసిన ముళ్ళతో తెర ముందు నిలబడింది.

"ఊపిరి తీసుకో తల్లీ. నెట్ ఎక్కడికీ పోదు. నువ్వు పాడు" అంది కస్తూరి.

చుక్క పాడింది. ఎంత బాగా పాడిందంటే, ఎదురుకొండ మీది న్యాయనిర్ణేతలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వాళ్ళలో పెద్దపులి గొంతు సవరించుకుని, "ఈ ఏడు గెలుపు ఇప్పచెట్టు పిల్లలదే!" అని ప్రకటించింది. తొర్రలో కేకలు, గెంతులు! అవ్వ కూడా లేచి అడుగులు వేసింది. వానలోనే అడవి అంతా వచ్చి చుక్కను భుజాల మీదికి ఎత్తుకుంది. ముళ్ళు గుచ్చుకున్నా ఎవరూ దించలేదు!

ముళ్ళయ్య కళ్ళు తుడుచుకుంటూ కస్తూరి దగ్గరికి వచ్చాడు. "నా రౌటర్ నేనే చేతులారా ఇచ్చుకున్నానమ్మా."

"అది మీదే కదా బాబాయ్, వెళ్ళి అడగండి. నేనూ తోడొస్తాను" అంది కస్తూరి.

తెల్లవారి ఇద్దరూ కంపెనీ ఆఫీసుకు వెళ్ళారు. గట్టిగా అడిగారు. రౌటర్ తిరిగి తెచ్చుకున్నారు. ఆ రోజు నుంచి చుక్క తన గదిలోనే కూర్చుని, ఇల్లు అదిరేలా సాధన చేస్తోంది.

నీతి: కొత్తది వచ్చిందని, మనదైన మంచి వస్తువును అడిగినవారి చేతిలో పెట్టేయకూడదు. ముందు కనుక్కోవాలి, పనికొస్తే ధైర్యంగా నిలుపుకోవాలి.