లోపలికి పీల్చిన అవును

"మాస్టారండీ, అన్నీ నేర్పారు గానీ ఈ ఊరోళ్ల 'అవును' ఒక్కటీ మాకెందుకు నేర్పరేటి?" అని దాలినాయుడు అడిగిన శనివారం నాడు బయట మైనస్ ఇరవై రెండు.

ఆ 'అవును' సంగతి ముందు చెప్పుకోవాలి, లేకపోతే ఈ కథ ఎవరికీ బోధపడదు. స్వీడన్ దేశంలో బాగా ఉత్తరాన, చలికాలం పదకొండింటికి తెల్లవారి రెండింటికి పొద్దుగూకే చోట, జనం 'అవును' అనడానికి నోరు విప్పరు. పెదాలు కాస్త ముందుకు పెట్టి, చటుక్కున ఊపిరి లోపలికి పీలుస్తారు. మనం పచ్చిమిరపకాయ కొరికి 'స్స్' అంటామే, దాదాపు అదే. బస్సు ఎక్కబోతూ "ఇది యూనివర్సిటీకి పోతుందా?" అని అడిగితే డ్రైవరు 'హుష్'మని పీల్చి ఊరుకుంటాడు. పోతుందన్నమాట! కొత్తగా వచ్చిన మనవాళ్లు మొదటి వారం హడలిపోతారు, ఈయనకి గుండె గానీ పట్టేసిందా అని. రెండో నెలకల్లా వాళ్లూ పీల్చడం మొదలుపెడతారు. భాష ముక్క రాకపోయినా అది మాత్రం వచ్చేస్తుంది. పుస్తకం పట్టక్కర్లేని విద్య కదా మరి.

శేషగిరి మాస్టారి దగ్గర మాత్రం ఆ విద్య సాగదు. ఆయన అమలాపురం వైపు మనిషి. నలభై రెండేళ్ల కిందట చదువుకోడానికి వచ్చి, ఆ ఊళ్లోనే ఒక ప్రయోగశాలలో ఉద్యోగం చేసి, రిటైరై, ఒంటరిగా అక్కడే ఉండిపోయారు. శనివారాలు గ్రంథాలయంలో ఒక గది తీసుకుని తెలుగు విద్యార్థులకి స్వీడిష్ చెబుతారు. ఓపికైన మనిషే. కానీ క్లాసులో ఎవరైనా ఊపిరి పీల్చారో, "నోరుంది కదా, దాన్ని వాడు!" అని కసురుతారు. ఇంకో అలవాటు కూడా ఉంది ఆయనకి. "బాగున్నారా మాస్టారూ" అని పలకరిస్తే "ఆఁ, ఆఁ" అంటూ కోటు కొక్కేనికి తగిలిస్తారు. ఆ రెండు ఆఁలతో పలకరింపు అయిపోయిందని పిల్లలు పుస్తకాలు తెరుస్తారు. ఇన్నేళ్లలో ఎవరూ ఇంకోసారి అడిగిన పాపాన పోలేదు.

దాలినాయుడిది బొబ్బిలి దగ్గర పల్లె. గనుల ఇంజినీరింగు చదువుతున్నాడు, రెండో ఏడు. మంచివాడే. కాకపోతే ఏ పనైనా చటుక్కున తెమిలిపోవాలి, ఎవరితో పేచీ ఉండకూడదు, ఎవరి జోలికీ పోకూడదు అనుకునే రకం. ఆ దేశం తనకి బాగా నప్పిందని అతనికి లోలోపల గర్వం కూడా. ఆ రోజు పావుగంట ఆలస్యంగా వచ్చాడు. బట్టలు మిషన్లో వేసి వచ్చేసరికి ఆలస్యమైందన్నాడు. "మిషన్ దొరికిందా?" అన్నారు మాస్టారు. దాలినాయుడు అలవాటుకొద్దీ 'హుష్'మని పీల్చాడు. అందరిముందూ చీవాట్లు తిన్నాడు. ఆ ఉక్రోషంలోనే అడిగాడు పై ప్రశ్న.

మాస్టారు ఆ ప్రశ్న పక్కన పెట్టి, "శనివారం పొద్దున నీకు క్లాసు కదా, అది నీ వంతయ్యుండదు. ఎవరిది తీసుకున్నావు?" అన్నారు.

వంతు అంటే ఇదీ. వాళ్లుండే హాస్టళ్లలో కింద అందరికీ కలిపి బట్టలుతికే గది ఒకటి ఉంటుంది. గోడకి ఒక బోర్డు, అందులో రోజుకీ గంటకీ ఒక్కో కన్నం. ప్రతి గదివాడికీ నంబరు వేసిన చిన్న తాళం ఇస్తారు. ఏ కన్నంలో నీ తాళం పెడితే ఆ వంతు నీది. ఇంకొకడి వంతు ముట్టుకోవడమంటే అక్కడ మాటలు కాదు.

"మా వరసలోనే ఉంటాడండి, పోశెట్టని, ఆర్మూరు గుంటడు. ఆగస్టులో వచ్చాడు. ఆడి తాళం ఉంది, మిషను ఖాళీగా ఉంది. ఊరికే తీసుకోలేదండి, పైకెళ్లి తలుపు కొట్టి అడిగేను. 'ఒరే పోశెట్టీ, బాగున్నావేటి? నీ వంతు నేను వాడుకుంతాన్రా?' అన్నాను. 'ఊఁ' అన్నాడు."

"తలుపు తీశాడా?"

"లేదండి. లోపల్నుంచే."

"మనిషి కనబడి ఎన్నాళ్లయింది?"

దాలినాయుడు లెక్క చూసుకున్నాడు. సోమవారం వంటగదిలో కనబడ్డాడు. పరీక్ష ఫలితాలొచ్చిన రోజు. అన్నం మాడ్చి, ఆ గిన్నె సింకులో పడేసి పోయాడు. గిన్నె ఇంకా అక్కడే ఉంది. రోజూ దాన్ని చూసి, వీడికి శుభ్రం నేర్పేవాడే లేడు అని దాలినాయుడు విసుక్కుంటూనే ఉన్నాడు. తలుపు మాత్రం ఇవాళే కొట్టాడు, అదీ తన బట్టల కోసం. ఈ మాట అతను పైకి అనలేదు. "సోమవారమండి," అన్నాడు.

మాస్టారు చేతిలో ఉన్న పెన్నుకి మూత పెట్టారు. క్లాసులో మిగిలిన నలుగురూ తలలెత్తారు. ఆయన కారణం అడిగితే కారణం చెప్పరు, జరిగిన సంగతి ఒకటి చెబుతారని వాళ్లకి తెలుసు. ఆ రోజు చెప్పిన సంగతి ఇది.

ఆయన వచ్చిన కొత్తలో ఆ ఊళ్లో తెలుగువాళ్లు ఇద్దరే ఇద్దరు. తనూ, కామేశం అనే ఇంకో కుర్రాడూ. ఒకే హాస్టలు, వేరే అంతస్తులు. తెలుగులో మాట్లాడుకోడానికి ఒకడికి ఒకడే దిక్కు. అయినా ఇద్దరికీ ఆ ఊపిరి 'అవును' అంటే తెగ సరదా. "ఆవకాయ వేసుకుంటావా?" అంటే ఒకడు 'హుష్', "ఇంకాస్త పెరుగు?" అంటే మళ్లీ 'హుష్'. అలా పీల్చుకుని పొట్ట పట్టుకుని నవ్వుకునేవారు. ఫిబ్రవరిలో కామేశానికి దగ్గు పట్టుకుంది. ఆ చలిలో దగ్గు లేనిదెవరికి? ఎవరూ పట్టించుకోలేదు.

ఒక బుధవారం మధ్యాహ్నం. మర్నాడు పొద్దున శేషగిరి తన ప్రొఫెసరు ముందు కూర్చోవాలి, ఉతికిన చొక్కా ఒక్కటీ లేదు. కిందికి వెళ్లి చూస్తే ఆ గంట కన్నంలో కామేశం తాళం, మిషను ఖాళీ. మూడో అంతస్తు ఎక్కి తలుపు తట్టాడు. "ఏమయ్యా కామేశం, కులాసానా? నీ వంతు నేను వాడుకోనా?" అన్నాడు. లోపల్నుంచి 'హుష్'మని వినబడింది. ఒక క్షణం ఆగి, మళ్లీ 'హుష్'. రెండు ప్రశ్నలకీ రెండు అవునులు.

"వెధవా, తెలుగులో ఏడవరాదూ!" అని నవ్వుతూ మెట్లు దిగిపోయాడు శేషగిరి. రెండు గంటలు తీరిగ్గా చొక్కాలు ఉతుక్కున్నాడు. ఇస్త్రీ చేసుకున్నాడు.

శనివారం హాస్టలు కాపలాదారు మారుతాళంతో ఆ గది తెరిచాడు. కామేశం తలుపుకి మూరెడు దూరంలో నేలమీద పడి ఉన్నాడు. న్యుమోనియా అన్నారు డాక్టర్లు. ఊపిరి అందక అలా ఎగబీలుస్తూ చాలాసేపు ఉండి ఉంటాడన్నారు. ప్రాణం పోయింది గురువారం సాయంత్రం.

"గురువారం పొద్దున నేను ఆ చొక్కా వేసుకుని ప్రొఫెసరు ముందు కూర్చున్నాను," అన్నారు మాస్టారు. "ఆ గంటకి కామేశం ఇంకా ఉన్నాడు. వాళ్ల అన్నగారికి టెలిగ్రాం నేనే ఇచ్చాను. ఇంగ్లీషులో రాశాను. తెలుగులో ఎలా రాయాలో తోచలేదు."

పిల్లలందరూ, మాస్టారు దీనికి భాష్యం చెబుతారేమోనని చూశారు. ఆయన దాలినాయుడి వైపు తిరిగి, "నీ బట్టలు ఉతకడం అయిపోయి ఉంటుందా?" అన్నారు, అంతే.

దాలినాయుడు కోటు బొత్తాలు కూడా పెట్టుకోకుండా బయటపడ్డాడు. బస్సు రావడానికి తొమ్మిది నిమిషాలుంది. ఆ తొమ్మిది నిమిషాలూ పోశెట్టికి ఫోను చేస్తూనే ఉన్నాడు. మోగుతోంది, ఎత్తడంలేదు. బస్సు వచ్చాక, రెండేళ్లుగా ఎక్కుతున్న బస్సే అయినా, హాస్టలు దగ్గర ఆగుతుందా అని అడిగాడు కంగారులో. డ్రైవరు 'హుష్'మని ఊపిరి పీల్చాడు. దాలినాయుడు కూర్చోలేక దారంతా నిలబడే వచ్చాడు.

తలుపు కొట్టాడు. లోపల్నుంచి "ఊఁ" అని వినబడింది. పొద్దున విన్న ఊఁయే. పొద్దున అదే చాలనిపించింది తనకి. తన మీద తనకే పట్టరాని కోపం వచ్చింది.

"ఊఁ కాదురా. మాట్లాడు. బాగున్నావేటి?"

 "మంచిగనే ఉన్నన్నా. నువ్వు పో," అంది గొంతు. నాలుగు రోజులుగా వాడని గొంతు అది.

"పోను," అన్నాడు దాలినాయుడు. "తలుపు తియ్యి."

తియ్యలేదు. దాలినాయుడు వసారాలో నేలమీద చతికిలబడి, తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాడు. అటుగా పోయేవాళ్లు చూసీ చూడనట్టు అతని కాళ్లు దాటుకుని వెళ్లారు. తరువాతి వంతు తాలూకు అమ్మాయి ఒకతె కిందినుంచి వచ్చి, నీ తడిబట్టలు తీసి బుట్టలో పడేశానని ముఖం చిట్లించి చెప్పి పోయింది. చెప్పనీ! అతను తలుపుతో మాట్లాడుతూనే ఉన్నాడు. ఏం మాట్లాడాడో తరువాత అతనికే గుర్తులేదు. మొదటి ఏడు తనూ రెండు పరీక్షలు తప్పాననీ, ఇంట్లో ఇప్పటిదాకా చెప్పలేదనీ మాత్రం చెప్పాడట. ఆ సంగతి అతను అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు. అప్పుడు తాళం తిరిగిన చప్పుడైంది.

లోపల దీపం లేదు. తెర దించేసి ఉంది. పెట్టె సర్ది, పట్టీలు బిగించి, గోడ పక్కన పెట్టి ఉంది. మంచం మీద దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. బల్ల మీద మడిచిన కాగితం ఒకటి, పైన 'అమ్మకు' అని. ఎక్కడికైనా ప్రయాణం కట్టినవాడు ఉత్తరం బల్ల మీద పెట్టి పోడు. దాలినాయుడు ఆ కాగితం ముట్టుకోలేదు. పోశెట్టిని రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. పిల్లాడు ఎముకలగూడులా తగిలాడు.

"ఇంటికాడ ఏం మొఖం పెట్టుకొని చెప్పాలన్నా," అన్నాడు పోశెట్టి. ఆ తరువాత ఏడుపు వచ్చింది. ఇద్దరికీ వచ్చింది.

ఆసుపత్రికి ఫోను చేసి, వాళ్లు వచ్చేదాకా పట్టుకున్న చెయ్యి వదల్లేదు దాలినాయుడు. అంబులెన్సులో తనూ వెళ్లాడు. ఆసుపత్రిలో పోశెట్టిని లోపలికి తీసుకెళ్లి, పక్కనే ఒక నర్సుని కూర్చోబెట్టారు. ఈ పూటకి గండం గడిచింది, ఇకముందు సంగతి మెల్లగా చూడాలి అని డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. దాలినాయుడు బయట వరండాలోకి వచ్చి మాస్టారికి ఫోను చేశాడు. మొదటి రింగుకే ఎత్తారు ఆయన. అప్పటిదాకా ఫోను చేతిలోనే పట్టుకుని ఉన్నారేమో.

"తలుపు తీశాడండి మాస్టారూ. ఉన్నాడు."

అవతల చటుక్కున ఊపిరి లోపలికి పీల్చుకున్న చప్పుడు. దాలినాయుడు ఆ చప్పుడు రెండేళ్లుగా రోజుకి వందసార్లు వింటున్నాడు. ఇది ఆ ఊరి 'అవును' అనుకోవచ్చు, సరే ఉంటానండి అని పెట్టెయ్యొచ్చు. పొద్దుటి దాలినాయుడైతే పెట్టేసేవాడే.

"మాస్టారండీ, మీరు బాగున్నారా?"

"ఆఁ, ఆఁ," అన్నారు మాస్టారు.

దాలినాయుడు ఫోను ఇంకాస్త చెవికి నొక్కుకున్నాడు.

"మాస్టారండీ. బాగున్నారా?"



"లేను నాయనా," అన్నారు మాస్టారు. "ఆ బుధవారం నుంచీ లేను."