తలపాగా కింద ఏముంది?

ఒక రాజుగారికి బట్టతల. జుట్టు నాటుతామంటూ ఇద్దరు వైద్యులు కోటకు వచ్చారు. నెత్తిన కత్తి పెట్టించుకోవడమంటే మాటలా? ఎవరిని నమ్మాలో తేలక, రాజు తనకు రోజూ తలపాగా చుట్టే బొజ్జన్నను వాళ్ల దగ్గరికి పంపాడు.

బొజ్జన్న తన తలపాగా బిగించుకుని వెళ్లి, "నాకూ జుట్టు నాటండయ్యా" అని ఇద్దరినీ అడిగాడు.

"ఇప్పుడే కూర్చో! నీ తల అడవి కాకపోతే నన్నడుగు" అంటూ మొదటాయన కత్తి నూరడం మొదలుపెట్టాడు. రెండో ఆయన తలపాగా విప్పించి చూసి, "పోవయ్యా, నీకు నాటను" అని పంపేశాడు.

"రెండో ఆయన్నే పిలిపించండి ప్రభూ" అన్నాడు బొజ్జన్న తిరిగొచ్చి, ఇద్దరి మాటలూ చెప్పి.

"నిన్ను పొమ్మన్నవాడినా?" అని రాజు తెల్లబోయాడు.

బొజ్జన్న తలపాగా విప్పాడు. ఒత్తైన జుట్టు నడుం దాకా జారింది.

"మొదటాయన దీన్ని చూడకుండానే కత్తి నూరాడు ప్రభూ!"