చింతచిగురు పప్పూ, రాజుగారి శాసనమూ

పెన్నేటికి దిగువన ఉదయవరమని ఒక రాజ్యం ఉండేదట. దాన్ని మార్తాండరాయలనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. కానీ తన కోట, తన ఏనుగులు, తన వంటశాల, వీటిని మించినవి లోకంలో ఉన్నాయని ఎవరైనా అంటే మాత్రం ఆయనకు నిద్రపట్టేది కాదు.

ఆ కొలువులో భైరవయ్య అనే రాయసం ఉండేవాడు. రాజుగారు చెప్పిన మాటను తాటాకు మీదికి ఎక్కించడం అతని పని. దస్తూరి ముత్యాల్లా ఉండేది, మాట అంతకన్నా చురుగ్గా ఉండేది. అతనికి ఉన్న వ్యసనమల్లా ఒక్కటే, తిండి. ఉదయవరంలో ఏ వీధిలో ఏ పూట ఏ వంటకం పొయ్యి దిగుతుందో అతనికి తెలిసినట్టు నగరపాలకుడికి కూడా తెలియదు. దక్షిణపు గవిని ద్వారం పక్కన అన్నదమ్ములిద్దరు కాల్చే జొన్నరొట్టెలు పొద్దెక్కక ముందే తినాలి, నువ్వుల పొడితో. గానుగల వీధిలో పాపిశెట్టి వేసే దిబ్బరొట్టె కోసం ఓపిగ్గా కూర్చోవాలి. మూకుడు మీద మూత, ఆ మూత మీద నిప్పులు పెట్టి, అడుగు ఎర్రగా కరకరలాడే దాకా శెట్టి దాన్ని ముట్టుకోనివ్వడు. వానాకాలం ఉలవచారుకు ఒక ఇల్లు, ఎండాకాలం మజ్జిగపులుసుకు ఒక ఇల్లు.

ఎన్ని తిరిగినా అతని మనసు నిలిచింది మాత్రం సంతపేటలో ఓబుళమ్మ పూటకూళ్ళ ఇంట్లోనే. ఇరవై ఏళ్ళ కిందట, కొలువు కోసం ఊరుగాని ఊరు వచ్చి, కోట వాకిట్లో తొమ్మిది రోజులు పడిగాపులు పడ్డప్పుడు, అతన్ని పిలిచి ఆకు వేసింది ఆవిడే. ఎవరు నువ్వని కూడా అడగలేదు. తిన్నాక అతనే మొహమాటపడి తన పేరు చెప్పబోతే ఆవిడ అడ్డుకుంది. "ఆకు ముందు కూర్చున్నవాడిని పేరు అడగం నాయనా, పెరుగు అడుగుతాం" అని, గడ్డపెరుగు వేసింది. ఆ రోజు తిన్నది చింతచిగురు పప్పు. ఇప్పటికీ చైత్రమాసంలో చింతచెట్లు చిగురిస్తే భైరవయ్యకు కాళ్ళు వాటంతటవే సంతపేట వైపు నడిచేవి.

ఒక ఏడు సరిగ్గా ఆ చిగుళ్ళ కాలంలోనే పొరుగు దేశపు రాయబారి ఒకాయన ఉదయవరం వచ్చాడు. రాజుగారు అరవై రకాలతో విందు చేశారు. మర్నాడు కొలువులో, మా నగరంలో మీకు అన్నిటికన్నా నచ్చిందేమిటని అడిగారు. వంటశాల అని చెబుతాడని ఆయన ఆశ. రాయబారి ముసలివాడు, పైగా నిజం చెప్పే అలవాటున్నవాడు. దారిలో సంతపేటలో ఒక అవ్వ ఇంట తిన్న చింతచిగురు పప్పు ఇంకా నాలుక మీదే ఉందని చెప్పి, సెలవు తీసుకుని వెళ్ళిపోయాడు.

కొలువంతా బిక్కచచ్చిపోయింది. రాజుగారి ముఖం కందగడ్డలా అయింది. వంటశాల అధికారి చేతులు నలుపుకుంటూ, ఊళ్ళో ఈ పూటకూళ్ళ ఇళ్ళు ఉన్నంతకాలం కోట పరువు ఇలాగే పోతుందని మెల్లగా అందించాడు. రాజుగారు భైరవయ్య వైపు తిరిగారు.

"రాసుకో. మా వంటశాల ఉండగా ఈ నగరంలో బాటసారైనా, బంటైనా అన్నం కోసం పూటకూళ్ళ ఇంటి గడప తొక్కకూడదు. అందరికీ మా వంటశాల ఒక్కటే చాలు. రేపటి నుంచి ఇది శాసనం. అక్షరం పొల్లుపోకూడదు."

భైరవయ్య గంటం చేత్తో పట్టుకున్నాడు గానీ అది కదల్లేదు. ఆ ఇళ్ళనే నమ్ముకుని బతికేవాళ్ళు వందమంది ఉన్నారని నచ్చచెప్పబోయాడు. రాజుగారు వినలేదు. శాసనం ఇచ్చాక వెనక్కి తీసుకున్న రాజు మా వంశంలో లేడని లేచి వెళ్ళిపోయారు.

భైరవయ్య తిన్నగా సంతపేటకు నడిచాడు. ఆ నడకలో అతనికి ఎప్పుడూ ఉండే ఉత్సాహం లేదు. ఓబుళమ్మ అరుగు మీద చేటలో చింతచిగురు పోసుకుని ఈనెలు తీస్తోంది. అతను విషయం చెప్పాడు. ఆవిడ ఏడుస్తుందని భయపడ్డాడు. ఆవిడ చేయి మాత్రం ఆగలేదు.

"మూయమంటే మూస్తాను. ముప్పై ఏళ్ళు పొయ్యి ముందు కూర్చున్నాను, నడుం వాల్చుకోవచ్చు" అంది. తర్వాత చేట పక్కకు పెట్టింది. "రేపు సంత కదా భైరవయ్యా. మూడు వందల మంది బండ్లవాళ్ళు వస్తారు. తెల్లారుజామున బయల్దేరి వస్తారు, ఏమీ తిని ఉండరు. వాళ్ళకి అన్నం ఎవరు పెడతారో దొరగారు ఏమైనా చెప్పారా?"

భైరవయ్య చెప్పలేదనబోయి ఆగాడు. తర్వాత అతని ముఖం విచ్చుకుంది. "చెప్పారు అవ్వా. చాలా స్పష్టంగా చెప్పారు" అన్నాడు. ఒక్క పొయ్యి మాత్రం రేపు సాయంత్రం దాకా ఆర్పవద్దని, మిగిలిన చిగురు దాచి ఉంచమని చెప్పి కోటకు పోయాడు. శాసనం రాశాడు. రాజుగారి మాటకు ఒక్క అక్షరం చేర్చలేదు, ఒక్క అక్షరం తియ్యలేదు.

మర్నాడు పొద్దున్నే నగరం నాలుగు దిక్కులా దండోరా మోగింది. బాటసారైనా, బంటైనా అన్నం కోసం పూటకూళ్ళ ఇంటి గడప తొక్కకూడదు, అందరికీ రాజుగారి వంటశాల ఒక్కటే చాలు. జనం ఆ మాటను విన్నది విన్నట్టే నమ్మారు. ఎండ ముదిరే వేళకు కోట వాకిట్లో బండ్లవాళ్ళు, సంతకు వచ్చిన నేతగాళ్ళు, సెలవు మీదున్న బంట్లు, పూలు అమ్ముకునే ఆడవాళ్ళు బారులు తీరారు. ఒక్కరూ గోల చేయలేదు. ఎవరి విస్తరాకు వాళ్ళు చేత్తో పట్టుకుని, రాజుగారికి దండం పెట్టుకుంటూ బుద్ధిగా నిలబడ్డారు.

వంటశాల అధికారి పరుగున వచ్చి ఏం చేయమంటారని అడిగాడు. రాజుగారు శాసనం తెప్పించి చదివించుకున్నారు. ప్రతి మాటా తనదే. ఒక్కపూట అన్నానికి వెనకాడాడన్న మాట పడటం ఆయనకు చావుతో సమానం. పెట్టమన్నారు.

పెట్టారు. అరవై రకాలూ పెట్టారు, రాజుగారి పూటకని ఉంచినవి కూడా వడ్డించారు. ఆయన మేడ మీద గవాక్షం వెనక నిలబడి, జనం ఎలా పొగుడుతారో విందామని చెవులు రిక్కించారు. ఎవరూ తప్పు పట్టలేదు. నెయ్యి మంచిదన్నారు, గిన్నెలు వెండివన్నారు. ఒక ముసలి బండివాడు మాత్రం చేయి కడుక్కుంటూ పక్కవాడితో అన్నాడు, పాపం రాజుగారు రోజూ చల్లారిన కూడే తింటారు కాబోలు అని. ఆ మాటలో ఎగతాళి లేదు. నిజంగానే జాలిపడ్డాడు.

కోపం కన్నా ముందు రాజుగారికి ఆశ్చర్యం కలిగింది. భైరవయ్యను మేడ మీదికి పిలిపించారు. నా మాటతోనే నన్ను ఇరికించావని నిష్ఠూరమాడారు. తాను రాయసాన్ని మాత్రమేనని, మాట తమరిదేనని భైరవయ్య వినయంగా చెప్పుకున్నాడు. రాజుగారు ఆ సంగతి వదిలేసి ఇంకొకటి అడిగారు.

"ఆ బండివాడు చల్లారిన కూడు అన్నాడు. అన్నం చల్లగా కాక మరెలా ఉంటుంది?"

భైరవయ్య నవ్వబోయి ఆగిపోయాడు. రాజుగారు హాస్యమాడటం లేదు. ఆయనకు అయిదో ఏట పట్టం కట్టారు. ఆనాటి నుంచి ఆయన అన్నం కోటకు ఉత్తరాన ఉడికి, దక్షిణాన ఉన్న భోజనశాలకు మూడు ప్రాకారాలు దాటి వచ్చేది. దారిలో ఇద్దరు వైద్యులు రుచి చూసేవారు. వడ్డించాక వంది వచ్చి నలభై రెండు బిరుదులూ చదివేదాకా మొదటి ముద్ద ముట్టకూడదు. విందులకు వెళ్ళిన ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు. పేరుకుపోయిన నెయ్యిని గోటితో గీకి పక్కకు పెట్టి, అద్భుతం ప్రభూ అని తలూపి వచ్చేవాళ్ళే అందరూ. భైరవయ్య కూడా ఇరవై ఏళ్ళుగా అలాగే తలూపాడు. ఆ క్షణాన అతనికి సిగ్గేసింది. పొద్దుటి దాకా ఈ రాజును ఓడించాలనే అనుకున్నాడు. ఇప్పుడు ఈ మనిషికి ఒక్క పూట అన్నం పెట్టించాలనిపించింది.

"అది చెబితే తెలిసేది కాదు ప్రభూ" అన్నాడు. "శాసనం ప్రకారం పొయ్యిలన్నీ ఆరిపోయాయి. సంతపేటలో ఒక్కటి మిగిలింది. తమరు స్వయంగా వచ్చి ఆర్పిస్తే శాసనం సంపూర్ణమవుతుంది."

పూటకూళ్ళ ఇంటికి తినడానికి రమ్మంటే ఆ రాజు జన్మలో వచ్చేవాడు కాదు. పొయ్యి ఆర్పించడానికి కాబట్టి పల్లకీ ఎక్కారు. వెంట వైద్యులూ వందీ బయల్దేరారు.

ఇంకా ఎండ తగ్గలేదు. ఓబుళమ్మ ఇంట్లో పొయ్యి మీద పప్పు కుతకుతలాడుతోంది. పక్కనే అన్నం ఎసరు ఇగిరి ఆవిరి కక్కుతోంది. ఆవిడ లేచి దండం పెట్టి, తమ ఆజ్ఞ ప్రకారం ఆర్పేస్తానని, పప్పులో పోపు పడేదాకా మాత్రం ఓపిక పట్టమని వేడుకుంది. రాజుగారు సరేనన్నారు. గరిటెలో నెయ్యి కాగింది. ఆవాలు చిటపటలాడాయి, ఇంగువ పొంగింది, దంచిన వెల్లుల్లి ఎర్రబడింది. ఆ గరిటె పప్పులో పడగానే చుయ్యిమని లేచిన ఘుమఘుమకు పల్లకీ బోయీలు కూడా గుమ్మంలోంచి తొంగిచూశారు. రాజుగారు పొద్దున్నుంచి ఏమీ తినలేదు. ఆయన ఎప్పుడు కూర్చున్నారో, ఓబుళమ్మ ఎప్పుడు ఆకు వేసిందో ఎవరూ గమనించలేదు.

అన్నం పడగానే అలవాటు ప్రకారం వంది గొంతు సవరించుకుని మొదటి బిరుదు అందుకున్నాడు.

"పేర్లు తర్వాత చదువుకో నాయనా, అన్నం ఆరిపోతుంది" అంది ఓబుళమ్మ.

వంది నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయాడు. రుచి చూడబోయిన వైద్యులను రాజుగారే చేత్తో వారించారు. అన్నం మధ్యలో వేళ్ళు పెట్టి చురుక్కుమని వెనక్కి లాక్కున్నారు. వెంట వచ్చినవాళ్ళు హడలిపోయారు. వైద్యుడు మందులసంచి విప్పాడు. ఓబుళమ్మకు అదేమీ వింతగా తోచలేదు.

"అంచు నుంచి కలుపుకో నాయనా. నడుమ కాలుతుంది" అంది, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు.

మార్తాండరాయలు అంచు నుంచి కలుపుకున్నారు. చింతచిగురు పులుపు, కంది కమ్మదనం, కరిగి పారుతున్న నెయ్యి. మొదటి ముద్ద మింగుతూనే ఆయన రెండోది కలుపుకున్నారు. ఆకు సగం ఖాళీ అయినప్పుడు ఓబుళమ్మ గరిటె పట్టుకుని ఇంకొంచెం వేయనా అని అడిగింది. కోటలో వడ్డించేవాళ్ళు వంగి వడ్డించి వెనక్కి నడిచి వెళ్ళిపోతారు. ఇలా ఎవరూ ఎన్నడూ అడిగి ఉండరు. రాజుగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిరి వల్లనేమో.

"వెయ్యి అవ్వా" అన్నారు.

చేయి కడుక్కున్నాక భైరవయ్యను దగ్గరికి పిలిచారు. "నా అన్నం చల్లారి ఉంటుందని ఎంతమందికి తెలుసు?"

"తమరి పంక్తిలో తిన్న అందరికీ తెలుసు ప్రభూ."

"మరి ఒక్కడైనా చెప్పలేదేం?"

"తమరు విందు కాగానే ఎలా ఉందని అడగరు. అద్భుతంగా ఉంది కదా అంటారు. ఇక తలూపడం తప్ప మాకేం మిగలదు. నాదీ తప్పే, నేనూ ఊపాను."

రాజుగారు తల దించుకుని మెల్లగా నవ్వారు. తర్వాత ఆయన ముఖం వాడిపోయింది. పొయ్యి వైపు చూశారు. దాన్ని ఆర్పించడానికి మనసు రావడం లేదు, అలాగని ఇచ్చిన శాసనం వెనక్కి తీసుకోలేరు. ఆ ఇబ్బంది భైరవయ్యకు అర్థమైంది.

"శాసనం మార్చనక్కరలేదు ప్రభూ. అందరికీ మా వంటశాల ఒక్కటే చాలు అన్నారు. ఒక్కటే ఉంటుంది. కాకపోతే దాని పొయ్యిలు ఊరంతా ఉంటాయి. ఇది పూటకూళ్ళ ఇల్లు కాదు, ఈ పొద్దు నుంచి తమరి వంటశాలలో ఒక పొయ్యి. పాపిశెట్టిది ఒకటి, గవిని దగ్గర అన్నదమ్ములది ఒకటి. వండేది వాళ్ళే, పేరు తమరిది. ఒక్క అక్షరం పొల్లుపోదు."

రాజుగారు ఆలోచనలో పడ్డారు. ఇంతలో ఓబుళమ్మ పొయ్యి దగ్గర నుంచే అందుకుంది.

"ఇది దొరగారి వంటశాలే అయితే, పై సంతకు కట్టెలూ, కందిపప్పూ కోటలోంచే పంపించాలి మరి."

మార్తాండరాయలు పగలబడి నవ్వారు. ఆ నవ్వు చూసి బోయీలు నవ్వారు, వైద్యులు నవ్వారు, చివరికి వంది కూడా నవ్వాడు. పంపిస్తానని మాట ఇచ్చి, మెడలోని ముత్యాల పేట తీసి భైరవయ్య మెడలో వేశారు. కోటలో వంటశాలను భోజనశాల గోడ పక్కకు మార్చమని అప్పుడే ఆజ్ఞాపించి, పల్లకీ ఎక్కారు.

సందడి సద్దుమణిగాక భైరవయ్య ముత్యాలతోనే ఆకు ముందు కూర్చున్నాడు. అతనూ పొద్దున్నుంచి తినలేదు. ఓబుళమ్మ గిన్నె వంచి చూపించింది. రాజుగారు మూడుసార్లు మారు వేయించుకున్నారు, పప్పు అయిపోయింది. భైరవయ్య ముఖం చూసి ఆవిడ నవ్వుకుంది. అడుగున అంటుకున్న ఆ కాస్త పప్పులోనే వేడి అన్నం వేసి, నెయ్యి పోసి, గిన్నె చుట్టూ గీకి గీకి కలిపి, పెద్ద ముద్ద చేసి అతని చేతిలో పెట్టింది.

రాజుగారికి దొరికింది పప్పే, అసలు రుచి తనకే దక్కిందని భైరవయ్య ఆ తర్వాత చాలా ఏళ్ళు చెప్పుకునేవాడట.