సోమయాజిగారి రెండు నియమాలు

వెనకటికో మఠం పాఠశాలలో పెద్దగురువు సోమయాజిగారు పూటకో నియమం పెట్టేవారు. ఎవరైనా స్తోత్రం చదువుతుంటే కూర్చున్నవాళ్లు లేవకూడదని మొన్న అన్నారు. తాను విస్తరి ముందు నుంచి లేవగానే విద్యార్థులంతా లేవాల్సిందేనని నిన్న అన్నారు. ఆయనకేమో అజీర్తి, రెండు ముద్దల పప్పన్నంతో భోజనం సరి. ఇక పంక్తిలో చారు మొహం చూసినవాడు లేడు.

రాత్రంతా కడుపు కాలిన చిదంబరం అనే విద్యార్థికి తెల్లారేసరికి ఉపాయం తట్టింది. మధ్యాహ్నం గురువుగారు లేవబోతున్నారనగా గొంతెత్తి విష్ణుసహస్రనామం అందుకున్నాడు. లేవబోయిన సోమయాజిగారు తన నియమం గుర్తొచ్చి చతికిలబడ్డారు. పిల్లలు కూరా పులుసూ లాగించేశారు. చిదంబరం గొంతు ఆగేలోపే పక్కవాడు అందుకున్నాడు. ఇప్పుడు చిదంబరం విస్తరి వైపు తిరిగాడు.

కాళ్లు తిమ్మిరెక్కిన సోమయాజిగారు దీనంగా పిలిచారు.

"ఒరే చిదంబరం! ఆ రెండు నియమాల్లో ఒకటి ఎత్తేస్తానురా. ఏది ఎత్తెయ్యమంటావో చెప్పు!"

చిదంబరం చారన్నం కలుపుకుంటూ ఎంతో వినయంగా అన్నాడు.

"పెరుగు రానివ్వండి గురువుగారూ, ఆలోచించి చెబుతాను."