నీళ్లడిగిన వెండి గిన్నె

అత్తవారింట్లో నాలుగు రోజులుండి వచ్చేసరికి తిమ్మభూపాలుడి బుర్రలో పురుగు దూరింది. అక్కడ చారు కూడా వెండి గిన్నెల్లోనే పోశారట!

"మనమేం తక్కువ తిన్నామా? వచ్చే నెల మామగారు మన విందుకొస్తున్నారు. నాకూ పన్నెండు వెండి గిన్నెలు కావాల్సిందే," అన్నాడు. అనడమేమిటి, వెండి దిమ్మలు తీయించి భాండారం చూసే భుజంగరావుకి అప్పగించేశాడు.

ఈ భుజంగరావున్నాడే, ఎక్కడికెళ్లినా ముందు తలపాగా వస్తుంది, ఆ వెనక మనిషి వస్తాడు. తనకి తెలియని లోహం భూమ్మీద లేదంటాడు. నెల తిరిగేసరికి పన్నెండు గిన్నెలు తెచ్చి సభలో పేర్చాడు. అబ్బో, ఏం మెరుపు! రాజు మురిసిపోయి వాటిని వంటింటికి పంపించాడు.

అక్కడొచ్చింది చిక్కు. వంటింటి పెద్ద సూరమ్మ ఒక గిన్నె అంచుని బొటనవేలితో కాస్త నొక్కింది. గిన్నె సన్నగా కిర్రుమని మూలిగింది.

"అయ్యో రాత! ఇది వెండి కాదర్రా, సత్తు!"

పండితులు తగరం అంటారు చూడండి, అదే మన వంటిళ్లలో సత్తు. కొత్తలో వెండికీ దానికీ తేడా కంటికి ఆనదు. పులుపు పోసినా చిలుమెక్కదు. చారు కాస్తే దాన్లోనే కాయాలి. కాకపోతే మహా సుకుమారం. ముందు నీళ్లు పోసి, ఆ తర్వాతే పొయ్యెక్కించాలి. ఖాళీగా పెట్టారా, ఇక గిన్నె ఉండదు, కరిగి బూడిదలోకి జారిపోతుంది. నలభై ఏళ్లుగా సూరమ్మ చారు కాసేది అలాంటి గిన్నెలోనే. ఆ మూలుగు ఆవిడకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

మాట రాజుగారి దాకా పోయింది. భుజంగరావు ఇంతెత్తున లేచాడు.

"గిన్నె మూలిగిందట, ఈవిడ విన్నదట! ప్రభూ, నన్ను దొంగని చేశాక ఇక నేనైనా ఉండాలి, ఈవిడైనా ఉండాలి!"

కంసాలిని పిలిపించారు. అతగాడు భుజంగరావు మొహంలోకి ఓసారి చూసి, "మేలిమి వెండి ప్రభూ," అనేసి చక్కా పోయాడు.

"ఒక్క గీత గీసి చూస్తే తెలిసిపోతుంది బాబుగారూ," అంది సూరమ్మ.

"గీతా! తెల్లారితే మామగారొస్తుంటే గీతలు పడ్డ గిన్నెలు పెట్టనా?" రాజుకి చిర్రెత్తింది. "గీత పడకూడదు, సొట్ట పడకూడదు. అలా తేల్చగలిగితే తేల్చు. లేదంటే సాయంత్రానికి మూట సర్దుకో."

రాజుగారి వెనక నిలబడి తాంబూలం చుడుతున్న చిట్టెన్నకి గుండె కలుక్కుమంది. తల్లీతండ్రీ లేక, జ్వరంతో ఈ కోట గుమ్మంలో పడ్డ రోజున తనకి చారన్నం కలిపి పెట్టింది సూరమ్మే. ఈ వయసులో ఆవిడ మూట పట్టుకుని ఎక్కడికి పోతుంది?

"ప్రభూ, నాకో ఘడియ ఇప్పించండి. నేను తేలుస్తాను."

భుజంగరావు పకపకా నవ్వాడు. "ఆకులు చుట్టేవాడివి, నీకు వెండి సంగతేం తెలుసురా?"

"నాకేం తెలుసు బాబూ, అన్నీ తెలిసింది తమకే కదా! అందుకే తమ చేతే తేలుద్దామని."

అందరూ వంటింట్లోకి కదిలారు. పెద్ద పొయ్యి భగభగా మండుతోంది. చిట్టెన్న ఒక గిన్నె తుడిచి రాజుకి చూపించాడు.

"ఇందులో చారు కాయిద్దాం ప్రభూ. వెండికి పొయ్యి సెగ ఓ లెక్కా? మసి పడితే చింతపండుతో నేనే తోముతాను. సూరమ్మగారు ముట్టుకుంటే ఏదో చేసిందంటారు, నేను ముట్టుకున్నా అంతే. భుజంగరావుగారే తమ చల్లని చేత్తో ఖాళీ గిన్నె పొయ్యెక్కించాలి, అది కాస్త వేడెక్కాక నీళ్లు పోద్దాం."

"బావుంది, కానియ్యి భుజంగం," అన్నాడు రాజు.

భుజంగరావు గిన్నె అందుకున్నాడు. రెండడుగులు వేశాడు. మంట చూశాడు, గిన్నె చూశాడు. తలపాగా కింద నుంచి చెమట ధారగా దిగింది. పొయ్యి దగ్గర వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు.

"ముందు... ముందిందులో కాసిని నీళ్లు పొయ్యండమ్మా," అన్నాడు.

కూరలు తరుగుతున్న ఆడవాళ్ల చేతులు టక్కున ఆగాయి. ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చిట్టెన్న మహా వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"సత్తు గిన్నెకైతే ముందు నీళ్లు పొయ్యాలి బాబూ. మరి తమ వెండి గిన్నెకి దాహం ఎందుకేసిందండీ?"

వంటిల్లు గొల్లుమంది. రాజు మాత్రం నవ్వలేదు.

"నీళ్లొద్దు. అలాగే పెట్టు," అన్నాడు.

భుజంగరావు చేతిలోంచి గిన్నె జారింది. ఆ వెనకే మనిషీ జారి రాజు కాళ్ల మీద పడ్డాడు. "బుద్ధి గడ్డి తింది ప్రభూ! వెండంతా మా ఇంట్లోనే భద్రంగా ఉంది!"

"అది ఇప్పుడే కోటకి చేరాలి. భాండారం తాళాలు ఇక్కడ పెట్టి నువ్వు బయటికి నడు," అని, రాజు సూరమ్మ వైపు తిరిగాడు. ఆయన మొహం చిన్నబోయింది. "తప్పు నాది సూరమ్మా. నీ మాట నమ్మాల్సింది. మరి రేపు మామగారికి చారు దేంట్లో పోద్దాం?"

సూరమ్మ కళ్లు తుడుచుకుంది. "ఈ గిన్నెల్లోనే బాబుగారూ! చారుకి వీటిని మించినవి లేవు. మీ మామగారు రెండోసారి పోయమనకపోతే అప్పుడు సర్దుకుంటాను మూట."

రాజుకి హుషారొచ్చేసింది. ముంజేతి వెండి కడియం ఊడదీసి చిట్టెన్న చేతిలో పెట్టాడు. చిట్టెన్న దాన్ని కళ్లకద్దుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఇదెవరు చేయించారు ప్రభూ?"

"ఇంకెవరు, భుజంగమే. నిరుడు చేయించాడు."

"అయితే ముందు చెంబెడు నీళ్లిప్పించండి ప్రభూ!"

రాజు కడుపు పట్టుకుని నవ్వి నవ్వి, మెడలోని బంగారు గొలుసు తీసి చిట్టెన్న మెడలో వేశాడు.